మా కోడలు ఈల ఊదిన వేసవి

ఆ ఏడు మంచు ఆలస్యంగా కరిగింది. మందల్ని తోలుకుని కొండ మీది మేతకి మేం ఎక్కేసరికి గడ్డి అప్పుడప్పుడే పైకి లేస్తోంది. మా కోడలు బెగాయిమ్ సామాన్ల లారీలో గుడారం కర్రల మధ్య కూర్చుని, మెడలో ఈల వేలాడేసుకుని వచ్చింది. పెళ్ళయ్యాక అది రెండో వేసవి. కోడలి మెడలో ఏముందో చూసే కళ్ళకి మా కొండ మీద కొదవ లేదు. పక్క గుడారం జీపార్ చూడనే చూసింది, అడగనే అడిగింది.

"ఏం వదినా, మీ కోడలు గొర్రెల్ని ఈలేసి పిలుస్తుందా?"

"గొర్రెల్ని కాదు, మగాళ్ళని. ఇది ఊదితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోతారు. మీ ఆయన ఆగుతాడా నీ మాటకి?" అన్నాను.

దాని మొగుడు ఎవరి మాటకీ ఆగే రకం కాదని అందరికీ తెలుసు. అది మూతి ముడుచుకుని తన గుడారంలోకి పోయింది.

బెగాయిమ్ చలికాలమంతా కింద మా ఊళ్ళో బడిపిల్లలకి ఆటలు నేర్పుతుంది. పెళ్ళికి ముందు కుస్తీ పట్టేది. మోకాలు దెబ్బతిన్నాక పట్టడం మానేసి, రిఫరీ పరీక్ష రాసి పాసైంది. పాసైతే అయింది గానీ, కాగితం చూసి ఎవరు పిలుస్తారు? ఆ వేసవి మా కొండ మీద ఆదివారం ఆదివారం జరిగే నడికట్టు కుస్తీలకి దాన్ని పెట్టి చూద్దామన్నాడు పెద్ద రిఫరీ కాసిమాలీ. వేసవి చివర ఆయన 'పనికొస్తుంది' అంటే పెద్ద పోటీల జట్టులో చోటు దొరుకుతుంది. 'పనికిరాదు' అంటే ఈల తీసి పెట్టెలో పెట్టుకోవడమే. మా కొండ మీద ఆడ రిఫరీ అదే మొదలు. అది ఫెయిలైతే ఇంకో ఆడదాన్ని పిలవరని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

అంతా బాగానే ఉంది, ఒక్క చిక్కు తప్ప. మాలో కోడలు మామ పేరు పలకదు. ఆ పేరు ఊళ్ళో ఇంకెవరికి ఉన్నా, వాణ్ణీ ఆ పేరుతో పిలవదు. పెళ్ళాం కూడా మొగుడి పేరు పలకదు. ఇప్పటి పిల్లలు చాలామంది ఇవన్నీ గాలికొదిలేశారు. మా ఇంట్లో మాత్రం నేనున్నాను. పెళ్ళయిన నాటి నుంచీ మా ఆయన్ని నేను 'ఇదిగో' అనే పిలిచాను. ఆస్పత్రిలో మందుల చీటీ మీద రాయడానికి ఆయన పేరు అడిగితే, పక్కన కూర్చున్న ఎవరో మనిషిని 'నువ్వు చెప్పు బాబూ' అని బతిమాలుకున్నాను. కొత్తగా కోడళ్ళొచ్చిన ఇళ్ళలో అత్తలు నన్ను చూపించి, 'అదీ పద్ధతంటే' అనేవాళ్ళు. అలా అంటున్నప్పుడు నా వీపు కాస్త నిటారుగా అయ్యేదని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇక ఆ వేసవి అందరూ ఆశపెట్టుకున్న కుర్ర వస్తాదు ఒకడున్నాడు. దిగువ ఊరివాడు, జీపార్ అక్క కొడుకు. ఎద్దులాంటి భుజాలు, పసిపిల్లాడి నవ్వు. వాడి పేరు, మా ఆయన పేరు ఒకటే.

మొదటి ఆదివారమే పట్టుబడింది బెగాయిమ్. మైకులూ అవీ కొండెక్కి రావు కాబట్టి, మా దగ్గర గెలిచినవాడి చెయ్యెత్తి పేరూ ఊరూ అరిచి చెప్పేది రిఫరీయే. వాడు అవతలివాణ్ణి చిత్తు చేశాడు. మా కోడలు వాడి చెయ్యెత్తింది. "గెలిచింది దిగువ ఊరి..." అని ఆగింది. ముఖం కందిపోయింది. "దిగువ ఊరి నీలం నడికట్టు" అంది.

"వాడికి పేరు లేదా అమ్మాయీ? వాళ్ళమ్మ పెట్టడం మర్చిపోయిందా?" అన్నారెవరో.

"నీలం నడికట్టు గెలిచిందట, కుర్రాడు ఊరికే పక్కనున్నాడట" అన్నారింకెవరో. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మా ఆయన కూడా నవ్వుతుంటే ఆయన మోచేతి మీద గిల్లాను.

ఆట అయ్యాక కాసిమాలీ మా గుడారానికి వచ్చి పులిసిన గుర్రప్పాల కుమీస్ గిన్నె అందుకుని, "అమ్మాయీ, నీ కళ్ళు బాగున్నాయి. నోరే బాగాలేదు. పేరు చెప్పలేని రిఫరీని నేనేం చేసుకోను?" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట బెగాయిమ్‌కి బాగా తగిలింది.

మర్నాడు ఇద్దరం పొయ్యి దగ్గర నూనెలో బోర్సోక్ పిండివంట వేయిస్తున్నాం. అది పిండి ముక్కలు కోస్తూ, "అత్తయ్యా, ఒక్కమాట" అంది.

"ఆ ఒక్కమాట తప్ప ఇంకేదైనా అడుగు."

"నేనింకా అడగలేదు కదా."

"నీ మెడలో ఈల అడుగుతోందిలే."

మా ఆయన జీను కుట్టుకుంటూ గుమ్మంలో కూర్చున్నాడు. "అననీవే. అంటే అరిగిపోతుందా ఏం నా పేరు?" అన్నాడు.

"నువ్వు ఊరుకో. నీ పేరుతో నీకేం పని? దాన్ని ఇన్నాళ్ళు కాపాడుకొచ్చింది నేను" అన్నాను.

ఆయన సూదిలో దారం ఎక్కించుకున్నాడు. బెగాయిమ్ మాత్రం వదల్లేదు. మసీదులో నమాజు చేయించే మొల్దోని అడిగిందట. ఇది మతంలో ఉన్నది కాదు, ఊరి ఆచారమేనన్నాడట ఆయన.

"ఓహో. ఆయన భార్య ఆయన్ని ఏమని పిలుస్తుందో అడిగావా?"

"అడిగాను. 'వినబడిందా' అని పిలుస్తుందట." అంటూ నవ్వేసింది. దానితో నాకు ఉన్న పెద్ద ఇబ్బంది అదే, దెబ్బలాడుతూ దెబ్బలాడుతూ నవ్వేస్తుంది. కోపం నిలబెట్టుకోవడం కష్టం.

దాని భక్తి మీద నాకు గౌరవం. ఐదు పూటలా నమాజు తప్పదు. కుస్తీ తివాచీ మీద అడుగు పెట్టేముందు బిస్మిల్లా అనుకుని కుడికాలు మోపుతుంది. 'ఎందుకే అంత, ఆటే కదా' అని ఒకసారి అంటే, 'వాళ్ళకి ఆట అత్తయ్యా. నాది సాక్ష్యం. తప్పు చెబితే పైన లెక్క చెప్పాలి' అంది.

కాసిమాలీ దాన్ని వెంటనే తీసెయ్యలేదు గానీ, జూలైలో అసలు దెబ్బ పడింది. ఆ రోజు మా ఆయన పేరుగల కుర్రాడికీ ఎగువ ఊరి ఆల్తైకీ పట్టు. నడికట్టు కుస్తీలో ఒకరి నడికట్టు ఒకరు రెండు చేతులా పట్టుకోవాలి, ఆట తేలేదాకా వదలకూడదు. వదిలి పడేస్తే అది తప్పు కిందే లెక్క. తప్పులు మితిమీరితే ఓటమి. కుర్రాడికి అప్పటికే రెండు హెచ్చరికలు అయ్యాయి. ఇంకొకటి చాలు. అంతలో వాడు ఒక్క ఊపున ఆల్తైని పైకెత్తి వెల్లకిలా కొట్టాడు. జనం ఒక్క పెట్టున లేచారు. టోపీలు గాల్లోకి ఎగిరాయి.

ఈల మోగింది. మా కోడలు తన ఎడమ చేతిని పైకెత్తి, వేళ్ళు విప్పి చూపించింది. పట్టు వదిలాడని అర్థం. తర్వాత ఆల్తై చెయ్యెత్తి, "గెలిచింది ఎగువ ఊరి ఆల్తై" అని కొండ ప్రతిధ్వనించేలా అరిచింది.

ఆ గట్టి గొంతే కొంప ముంచింది.

"విన్నారా, ఆ పేరైతే గడగడా వచ్చేసింది" అంటూ జీపార్ నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "మావాడి పేరు దాని నోట రాదు. అందుకని గెలుపు అవతలివాడికి ఇచ్చేసింది. అంతే కదా?"

అంతే అన్నట్టు జనం తలలూపారు. మీరే చెప్పండి, ఆ మాటకి జవాబేముంది? డబ్బు తీసుకుందంటే కాదని రుజువు చేయొచ్చు. చుట్టరికం ఉందంటే లేదని చూపించొచ్చు. నోట రాని పేరు ఉన్నమాట నిజమేనాయె. నేను కూర్చున్నది సరిగ్గా ఆ పక్కనే. కుర్రాడి ఎడంచెయ్యి నడికట్టు మీంచి జారడం నా రెండు కళ్ళతో చూశాను. లేచి నిలబడి ఆ మాటే చెప్పాను కూడా.

"అత్త కోడల్ని వెనకేసుకొస్తోందంటే ఇందులో ఏదో తిరకాసు ఉంది" అన్నాడొక ముసలాయన. అంతా ఘొల్లుమన్నారు. నా సాక్ష్యం అలా గాల్లో కలిసిపోయింది.

కాసిమాలీ బెగాయిమ్‌ని పక్కకి పిలిచాడు. "నువ్వు చెప్పింది నిజమే. నేనూ చూశాను. కానీ జనం నమ్మని రిఫరీ ఈల ఊదితే ఏం, ఊదకపోతే ఏం? కొన్నాళ్ళు కుర్రాళ్ళకి నడికట్లు కట్టు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆడగుర్రాల దగ్గర పాలు పితుకుతుంటే నేనే కదిపాను.

"పైనవాడు చూశాడు అత్తయ్యా. నాకది చాలు" అంది.

"నీకు చాలు. నాకు చాలదు. పైనవాడు చూస్తే సరిపోయేటట్టయితే కింద రిఫరీ ఎందుకే?"

అది నవ్వబోయి, బకెట్ పక్కన పెట్టి ఏడ్చింది. మా అబ్బాయి ఎర్మెక్ దూరంగా గుర్రం పట్టుకుని నిలబడి, "పోనీ మానేయమందామా అమ్మా?" అన్నాడు.

"మానేస్తే జీపార్ అన్నది నిజమైపోతుంది. నువ్వు పోయి గుర్రాల సంగతి చూడు" అన్నాను.

అది మానలేదు. ప్రతి ఆదివారం తెల్లవారుజామునే పనులు ముగించుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ఈల జేబులో పెట్టుకుని వెళ్ళేది. మోకాళ్ళ మీద కూర్చుని తనకంటే చిన్నవాళ్ళకి నడికట్లు కట్టేది. బిగువు చూసేది, ముడి సరిచేసేది. నా మాట అబద్ధమైతే అడగండి, ఆ వేసవి ఒక్క నడికట్టు కూడా ఆట మధ్యలో ఊడలేదు. కొందరు వెటకారంగా 'నీలం నడికట్టు వచ్చిందిరా' అనేవాళ్ళు. 'వచ్చాను, ఇలా రా కట్టనీ' అనేది. రానురాను వెటకారం చేసేవాళ్ళకే విసుగు పుట్టింది. పట్టు ఎలా జారకుండా ఉంచుకోవాలో కుర్రాళ్ళే దాన్ని అడగడం మొదలుపెట్టారు. మా ఆయన పేరుగల ఆ కుర్రాడు కూడా అడిగాడు. అది వాడికీ చూపించింది.

ఒక పొద్దున పేడ పిడకలు ఏరుకొస్తూ గుడారం వెనక ఆగిపోయాను. అవతల గుర్రాలు కట్టేసిన తాడు దగ్గర బెగాయిమ్ ఒక్కతే ఉంది. గుర్రప్పిల్ల ముందరికాలు పైకెత్తి పట్టుకుని, "గెలిచింది ఎగువ ఊరి ఆల్తై" అంది. కాలు దింపింది. ఇంకో పిల్ల దగ్గరికి వెళ్ళి దాని కాలెత్తింది. "గెలిచింది దిగువ ఊరి..." పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. గుర్రప్పిల్ల విసుక్కుని కాలు లాక్కుంది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ అంతే. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు, నేనున్నట్టు దానికి తెలియదు. అయినా నేను పెట్టిన పద్ధతి గుర్రప్పిల్ల దగ్గర కూడా తప్పలేదు.

లోపలికొచ్చి పొయ్యి ముందు కూలబడ్డాను. ఒక్క పేరు అనడానికి ఇంత కష్టమా, చూద్దాం అని నేనూ మా ఆయన పేరు అనబోయాను. పొయ్యికే చెబుదామనుకున్నాను. నాలుక మడతపడిపోయింది. మా ఆయన లోపలికొచ్చి, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు.

"ఎవరితోనూ లేదు. పొయ్యి మండటం లేదు, తిడుతున్నా."

ఆగస్టు ఆఖర్న, కొండ దిగేముందు పెద్ద జాతర. గుర్రప్పందేలు అయ్యాయి, వంటల వాసన కమ్మేసింది, చుట్టుపక్కల కొండల మీదివాళ్ళంతా దిగారు. చివరి పట్టు మళ్ళీ వాళ్ళిద్దరికే పడింది. కాసిమాలీ ఆల్తైకి మేనమామ. ఇంకో రిఫరీ దిగువ ఊరివాడు. ఎటూ కానిది, ఎవరికీ ఏమీ కానిది మా కోడలొక్కతే.

"అది వద్దు. మావాడి పేరే చెప్పలేదది" అని జీపార్ అందరికీ వినబడేలా అంది.

కాసిమాలీ జనాన్నంతా ఒకసారి చూసి, "ఇంకెవరైనా ఉంటే చూపించండి" అన్నాడు. ఎవరూ చూపించలేకపోయారు. "పట్టు మొదలయ్యే ముందే ఇద్దరి పేర్లూ చెప్పాలి. చెబితే ఆట ఉంది. చెప్పకపోతే నువ్వు ఇంటికెళ్ళు, వీళ్ళ ఆట రేపు చూద్దాం" అన్నాడు బెగాయిమ్‌తో. ఇంటికెళ్ళమంటే ఆ పూటకని కాదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ అర్థమైంది.

బెగాయిమ్ చేతులు చాచి ముఖం తడుముకుంది. పెదవులు బిస్మిల్లా అన్నాయి. కుడికాలు తివాచీ మీద పెట్టింది.

"ఎర్ర నడికట్టు, ఎగువ ఊరి ఆల్తై" అంది. గొంతు ఖంగుమంది.

తర్వాత రెండోవాడి వైపు తిరిగింది. "నీలం నడికట్టు, దిగువ ఊరి..."

ఆగింది. అంత జాతరలోనూ మాంసం ఉడికే చప్పుడు వినబడింది. ఆ ఆడపిల్ల పెదవులు కదలడం నాకు కనబడింది. తర్వాత అదీ కనబడలేదు, ఎందుకంటే మా ఆయన ఉద్వేగం పట్టలేక నా ముందుకి వచ్చి, తన పొడుగు ఉన్నిటోపీతో సహా అడ్డంగా నిలబడ్డాడు.

"షర్షెన్, కాస్త పక్కకి జరుగు. నాకు కోడలు కనబడటం లేదు" అన్నాను.

ఆయన జరగలేదు. మెల్లగా వెనక్కి తిరిగి, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "ఎవర్నీ?" అన్నాడు.

"నిన్నే. ఇక్కడ ఎంతమంది ఉన్నారు షర్షెన్‌లు?"

"నేనొకణ్ణి ఉన్నాను పెద్దమ్మా" అన్నాడు తివాచీ మీది కుర్రాడు, నడికట్టు పట్టుకునే.

అంతే, జాతరంతా పగలబడి నవ్వింది. మా వయసు ఆడవాళ్ళు నోళ్ళ మీద చేతులేసుకుని నన్ను చూశారు. నా చెవులు కాలిపోతున్నాయి. చూస్తే చూడనీ అనుకున్నాను. బెగాయిమ్ నా వైపే చూస్తోంది. 'కానీవే, ఏం చూస్తావు' అన్నట్టు చెయ్యి ఊపాను.

"నీలం నడికట్టు, దిగువ ఊరి షర్షెన్" అంది అది. గొంతు మొదట్లో వణికింది, చివర్లో నిలబడింది.

పట్టు మొదలైంది. చాలాసేపు ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించి గుండ్రంగా తిరిగారు. ఉన్నట్టుండి కుర్రాడు తుంటి వేసి ఆల్తైని గాల్లోకి లేపి పడేశాడు. దిగువ ఊరంతా అరిచింది. ఈల మోగింది. బెగాయిమ్ ఎడంచెయ్యి ఎత్తి వేళ్ళు విప్పింది.

అరుపు మధ్యలోనే ఆగిపోయింది. నేను జీపార్ వైపు చూశాను. అది నోరు తెరిచింది. అనడానికి మాట కోసం వెతికింది. ఆ మాట ఇక లేదు. అంతలో కుర్రాడే తల గోక్కుంటూ లేచి, "వదిలాను. జారిపోయింది" అన్నాడు. పిన్ని వైపు చూసి, "అప్పుడు కూడా జారిందే" అన్నాడు.

"ఈ మాట జూలైలో ఏమైందిరా?" అంది జీపార్.

"నన్నెవరు అడిగారు? నీ అరుపుల్లో నా మాట ఎవరికి వినబడింది?"

ఈసారి జీపార్ కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది.

ఆ రోజుకి వాడిది మొదటి తప్పే కాబట్టి మళ్ళీ పట్టుకున్నారు. ఈసారి కుర్రాడు తొందరపడలేదు. మా కోడలు నేర్పినట్టే మణికట్టు లోపలికి తిప్పి నడికట్టు బిగించాడు. ఆల్తై ఒక్క అడుగు తప్పు వేశాడు. వాణ్ణి కుర్రాడు తన మీదుగా తీసుకెళ్ళి, రెండు పిడికిళ్ళూ నడికట్టు మీదే ఉండగా, వెల్లకిలా పరిచాడు. బెగాయిమ్ వంగి చూసింది, వీపు చూసింది, పిడికిళ్ళు చూసింది. ఈల ఊది వాడి చెయ్యి ఎత్తింది.

"గెలిచింది దిగువ ఊరి షర్షెన్" అని అరిచింది. జనం చాలలేదన్నారు. మళ్ళీ అరిచింది. నేనూ అరిచాను. మా ఆయన మాత్రం అరవలేదు. చేతులు కట్టుకుని, గెలిచింది తనే అన్నట్టు నిలబడ్డాడు.

కాసిమాలీ వచ్చి బెగాయిమ్ భుజం తట్టాడు. "శరదృతువులో పట్నంలో పోటీలున్నాయి. తెల్లచొక్కాలు రెండు కుట్టించుకో" అన్నాడు. అది పక్కకి వెళ్ళి గడ్డి మీద నుదురు ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఎవరూ కదిలించలేదు. లేచి వచ్చాక నన్ను వాటేసుకుంది. పద్ధతి ప్రకారం అత్తని అలా జనంలో వాటేసుకోకూడదు. ఆ పూట పద్ధతుల గురించి మాట్లాడే మొహం నాకెక్కడిది?

జీపార్ వేడి వేడి మాంసం పళ్ళెం పట్టుకుని వచ్చింది. మంచి ముక్క తీసి బెగాయిమ్ నోట్లో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "ఎలా ఉంది వదినా, అనేశాక?" అని గుసగుసగా అడిగింది.

"నువ్వూ ఓసారి అని చూడు."

"మా ఆయనకి పేరుతో పిలిస్తే పొగరెక్కుతుంది" అంది.

అది అన్నదాంట్లో నిజముంది. ఇప్పుడు బెగాయిమ్ నెలకోసారి పట్నం వెళ్ళి ఈల ఊది వస్తోంది. నేనిక్కడ నా బాధ పడుతున్నాను. "షర్షెన్, టీ చల్లారిపోతోంది" అంటాను. ఆయన గుర్రాన్ని దువ్వుతూనే ఉంటాడు. "షర్షెన్, నిన్నే" అంటాను. అయినా తిరగడు. చెవుడొచ్చిందేమోనని మొదట్లో నిజంగానే భయపడ్డాను. ఏ చెవుడూ లేదు. ఇన్నేళ్ళ బాకీ ఒక్కపూటలో తీరదుగా, ఇంకోసారి పిలిపించుకుని అప్పుడు వస్తాడు.